జాబితా ముందా, జేసీబీ ముందా?

ఏలూరులో రాత్రి తిండి బళ్ల గురించి వాదించుకోని ఇల్లు తక్కువ. నాకు తెలిసిన ఇద్దరి మధ్య మాత్రం ఆ వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. ఒకాయన ఓ మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. రెండో అతను ఆయన భార్యకు స్వయానా తమ్ముడు, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ వ్యాపారి. ఆయనది ఆక్రమణలు కొట్టించిన అనుభవం. ఇతనిది తెల్లారేసరికి లారీ సరుకు అమ్మించాల్సిన బతుకు. పేర్లెందుకు, బావ, బావమరిది అందాం. రోడ్డు వెడల్పు చేసినా, డ్రైను తవ్వినా, ఎక్కడన్నా కొత్త పార్కింగు కట్టినా మొదట లేచిపోయేది బండివాడే కాబట్టి వీళ్ల వాదన పాతబడదు. ఏలూరు, తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్లు రెండూ వాటిని కొత్తగా తీర్చిదిద్దే అమృత్ భారత్ పథకంలో చేరాక మరీ పదునెక్కింది. ఓ రాత్రి బళ్ల వరసలో ఇద్దరి వెంటా నడిచాను. మాట్లాడటంలో ఇద్దరూ సమఉజ్జీలే. తినడంలో మాత్రం బావదే పైచేయి.

బావమరిది: ఇది రెండో ప్లేటు పునుగులండి బావగారూ. తింటూ తిట్టడం మీకే చెల్లింది.

బావ: తిండిని తిట్టానట్రా? తిండి బానే ఉంది. అది ఉన్న చోటే బాలేదు. చూడు, రోడ్డుకి ఇటో వరస బళ్లు, అటో వరస. బళ్ల ముందు తినేవాళ్లు, వాళ్ల వెనకాల వాళ్ల బైకులు. మిగిలిన సందులోంచే 108 పోవాలి, ఫైరింజను పోవాలి. సర్వీసులో ఉండగా నేను అందర్నీ ఒక్కటే అడిగేవాణ్ణి: మీ ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పొస్తే ఈ బళ్లన్నీ లాగించి దారిచ్చేదెవరు?

బావమరిది: బండికి చక్రాలున్నాయండి, లాగొచ్చు. ఆ సందులో చక్రాల్లేనివి కూడా చూడండి. డ్రైను మీద మెట్లు కట్టిన షాపు, మెట్ల ముందు జనరేటరు, దాని ముందు బోర్డు స్టాండు. వాటికెప్పుడైనా నోటీసిచ్చారా?

బావ: ఇచ్చాం. స్టే తెచ్చుకున్నారు.

బావమరిది: అదీ! షాపాయన స్టే తెచ్చుకోగలడు, బండివాడు తెచ్చుకోలేడు. అందుకే రోడ్డు బాగుచెయ్యాలనుకున్నప్పుడల్లా ముందు బండి గుర్తొస్తుంది.

(బావ దీనికి జవాబివ్వలేదు, ఇంకాస్త అల్లం పచ్చడి వేయించుకున్నాడు. ఉద్యోగంలో ఉండగా ఈ మాట ఆయన్ను చాలామందే అడిగి ఉంటారు.)

బావ: సరే, షాపుల మెట్లూ తియ్యాల్సిందే. అయితే ఒకడి తప్పు ఇంకొకడికి హక్కవుతుందా? గదికి అద్దె కట్టి, మునిసిపాలిటీకి పన్ను కట్టి, మీటరు పెట్టించుకుని హోటలు నడిపేవాడి గుమ్మం ముందు నువ్వు బండి పెట్టి సగం ధరకి దోసె వేస్తే అదేం న్యాయం?

బావమరిది: ఆ హోటలు పదింటికి మూసేస్తారండి. పదింటి తర్వాత ఆకలేసేది ఎవరికో చూడండి. కొల్లేటి గట్ల మీద పట్టుబడి పగలు జరుగుతుంది. శీలావతి, బొచ్చె ఐసు వేసి పెట్టెలకెత్తేసరికి పొద్దుపోతుంది. హౌరా లారీ కదిలేసరికి రాత్రే. కైకలూరు గానివ్వండి, ఆకివీడు గానివ్వండి, ఆ ముఠా కూలీలు, డ్రైవర్లు, క్లీనర్లు తినేది బండి దగ్గరే. మా గూడెంలో ఆదివారం ఉల్లి బజారంటే శనివారం రాత్రి నుంచే కర్నూలు లారీలు, మహారాష్ట్ర లారీలు వరస కడతాయి. దింపుడు కూలీకి అర్ధరాత్రి వేడి టీ, నాలుగిడ్లీ ఎవరు పెడతారు, మీ అద్దె హోటలాయనా? ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని బయట కూచున్నవాళ్లు, రాత్రి బండి దిగినవాళ్లు, చదువుకునే నిట్ పిల్లలు. మీరు సరదాకి వచ్చారు గానీ, ఈ బజారు సగం బతికేది రాత్రిపూట పనుండేవాళ్ల మీద.

బావ: రాత్రి తిండి వద్దని నేనన్నానా? నీళ్లు, లైటు, చెత్తకుండీ, మరుగుదొడ్డి ఉన్న ఒక చోటికి చేర్చమంటున్నాను. ఇక్కడ ప్లేట్లు ఎందులో కడుగుతున్నాడో చూశావా? పొద్దుగుంకినప్పట్నుంచీ అదే బకెట్టు. 2020 డిసెంబరు మర్చిపోయావేమో. మన వన్‌టౌన్‌లో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే మూర్ఛొచ్చి పడిపోయారు. ఆరొందల మంది పైమాటే. నీళ్లన్నారు, కూరగాయలన్నారు, పురుగుమందన్నారు, సీసమన్నారు. ఢిల్లీ నుంచీ హైదరాబాదు నుంచీ నిపుణులు దిగారు. అంత జరిగిన ఊళ్లో రోడ్డు పక్క తిండిని గాలికొదిలెయ్యమంటావా?

బావమరిది: ఆ వారం మేమూ నిద్రపోలేదండి. కానీ మీరే అంటున్నారు, అనుమానం నీళ్ల మీద, పురుగుమందు మీద అని. ఇంట్లో వండుకు తిన్నవాళ్లూ పడిపోయారు. అయినా బకెట్టు మాట నిజం, కాదనను. కుళాయి కనెక్షను అడిగితే ఏమంటారు? ఆక్రమణదారుకి కుళాయేంటంటారు. కుళాయి లేదు గనక బకెట్టు. బకెట్టు గనక అపరిశుభ్రం. అపరిశుభ్రం గనక తీసెయ్యాలి. బావుందండి లెక్క.

బావ: లెక్క బాగుండాలంటే సింగపూర్ వెళ్లు. అక్కడా ఒకప్పుడు ఇదే కాలవ గట్టు, ఇదే బకెట్టు. అందర్నీ కుళాయిలున్న కేంద్రాల్లోకి చేర్చారు. 2020లో ఆ తిండి సంస్కృతికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

బావమరిది: వాళ్లు మొదట ఏం చేశారో అది కూడా చెప్పండి మరి. 1968, 69ల్లో వీధిలో అమ్మేవాళ్లందర్నీ నమోదు చేశారు. చేతికి లైసెన్సు కాగితం ఇచ్చారు. అప్పుడు కట్టడం మొదలెట్టారు, అదీ జనం కాపురాలుండే బ్లాకుల మధ్యనే. వీధుల్లో ఉన్నవాళ్లందర్నీ సర్దేసరికి 1986 అయింది. మనవాళ్లు సింగపూర్ అంటే ఆఖరి ఫోటో ఒకటే చూస్తారు, దాని వెనక పదిహేడేళ్ల పని చూడరు.

బావ: మనం మాత్రం ఊరవతలికి పంపేస్తామని ఎందుకనుకుంటావు?

బావమరిది: చూసిందే చెబుతున్నానండి. హైదరాబాదు కొత్తపేటలో గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్టు. 1986లో పెట్టారు, 22 ఎకరాలు, విజయవాడ హైవే మీద. రాత్రంతా లారీలు దిగేవి, తెల్లారకుండా బేరాలయ్యేవి. అక్కడ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టాలని 2021 సెప్టెంబరు ఆఖర్న మూసేశారు. కోహెడలో పెద్ద మార్కెట్టు కడతాం, అందాకా బాటసింగారం లాజిస్టిక్స్ పార్కులో సర్దుకోమన్నారు. వ్యాపారులు హైకోర్టుకెళ్లారు. 2022 మార్చిలో షెడ్లు కూల్చేశారు. ఆసుపత్రి వద్దని ఎవడంటాడండి? నాకూ కావాలి. కానీ వరస చూడండి. ముందు మూత, తర్వాత తాత్కాలికం, శాశ్వతం ఆ తర్వాతెప్పుడో. పెద్ద ఏజెంటు బాటసింగారంలోనైనా నిలదొక్కుకుంటాడు. గేటు బయట బుట్ట పెట్టుకుని మచ్చకాయ అమ్ముకునే ఆడమనిషి సంగతేంటి? ఏ కాగితం మీదా పేరు లేని మనిషిని ఎక్కడికని తరలిస్తారు?

బావ: హోల్‌సేలు మార్కెట్టు ఊరవతలికే పోవాలిరా. మీ ఉల్లి లారీలు ఊరి నడిబొడ్డులోకి దూరుతుంటే పిల్లలు బడికెలా పోతారు?

బావమరిది: పంపండి, నేనే ముందు పోతాను. కాటా, షెడ్డు, ముఠావాళ్లు నడుం వాల్చడానికో గది ఇస్తే మా లారీలకి ఏ చోటైనా ఒకటే. సరుకు చీటీ ఎక్కడికుంటే లారీ అక్కడికి పోతుంది. పునుగులకి చీటీ ఉండదు కదండీ. ఇంటికి పోయేవాడు వాసన తగిలి ఆగుతాడు. ఆ దారి నుంచి వంద గజాలు పక్కకి జరిపితే సాయంత్రం బేరం సగం పడిపోతుంది. తైపేలో షిలిన్ రాత్రి బజారుందే, దాని తిండి కొట్లను 2011లో కొత్త భవనం నేలమాళిగలోకి దింపారు. నేల శుభ్రం, నీళ్లు పుష్కలం. అయినా మెట్లు దిగి తినడానికి వీధి జనమంతా రాలేదు, పైన వీధిలోనే తిరిగారు.

(ఈ ముక్క దగ్గర నేను బావమరిది పక్షం. లారీ బజారు వేరు, కాలినడక బజారు వేరు. మన ప్రణాళికల్లో రెండింటికీ ఒకటే పేరు: మార్కెట్ తరలింపు. తాడేపల్లిగూడెం ఉల్లి లారీలకు సరిపోయే మందు ఏలూరు పునుగుల బండికి వికటిస్తుంది.)

బావ: జనం నడిచే దారిలోనే ఉంచితే గ్యాసు బండలూ జనం మధ్యనే ఉంటాయి. ఇండోర్ సరాఫా సంగతి విన్నావా? పగలు నగల కొట్లు, రాత్రి ఆ కొట్ల మెట్ల మీదే తిండి. దేశమంతా మెచ్చుకునే బజారు. ఆ మధ్య ఆ నగల వర్తకులే తిండి కొట్లు మాకొద్దన్నారు. ఇరుకు సందు, వరసగా బండలు. ఒక్కటి అంటుకుంటే చాలు.

బావమరిది: రాత్రి జనం తిరిగితే దొంగలు రారని మొదట రానిచ్చిందీ ఆ వర్తకులే అంటారు. బండల భయం నిజమేనండి. బండకీ బండకీ మధ్య ఎడం ఇంత, ఇసక బకెట్టు ఒకటి, ఈ వీధికి ఇన్ని బళ్లే అని గీత గియ్యండి. గీత గియ్యాలంటే ఎన్ని ఉన్నాయో లెక్క కావాలి కదా. సర్వీసులో లేరు గనక ఇప్పుడు ఒక్కమాట నిజం చెప్పండి. ఈ బండివాడు మునిసిపాలిటీకి ఏమీ కట్టడా?

బావ: ఆశీలు కడతాడు.

బావమరిది: ఎవరికి?

బావ: పాటదారుకి. వేలం వేస్తాం, పాట పాడుకున్నవాడు రోజూ వసూలు చేసుకుంటాడు.

బావమరిది: రేటు బోర్డు?

బావ: పెట్టాలి. పెట్టరు.

బావమరిది: రసీదు?

బావ: ఇస్తే ఇస్తాడు.

(ఈ నాలుగు ముక్కలూ విన్నాక మిగతా వాదనంతా నాకు చిన్నదనిపించింది. బండివాడి దగ్గర డబ్బు తీసుకునే హక్కును మునిసిపాలిటీలు బహిరంగ వేలంలో అమ్ముతాయి. ఆ పాట సొమ్ము బడ్జెట్టులో ఆదాయం కింద చూపిస్తాయి. బండి తీసే రోజున మాత్రం ఇతనెవరో మాకు తెలియదంటాయి. ఆశీలు తీసుకున్న ప్రతి రోజూ ఆ చోటుని ఒప్పుకున్నట్టే కదా అని అడిగితే ఏ అధికారీ నాకు నేరుగా జవాబు చెప్పలేదు.)

బావమరిది: ఆశీలు పైన మామూళ్లు. వాటి పైన ఫైనాన్సు. పొద్దున తొమ్మిదొందలు చేతిలో పెడతారు, రాత్రికి వెయ్యి కట్టాలి. విజయవాడలో 2015 డిసెంబరులో కాల్‌మనీ గొడవ బయటపడ్డప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు గానీ, బండివాడికది కొత్తా? 2020లో కేంద్రం స్వనిధి పెట్టింది. 2025 దాకా ముందు పది వేలు, తీరిస్తే ఇరవై, అదీ తీరిస్తే యాభై ఇచ్చేవారు. రాష్ట్రం అదే ఏడు జగనన్న తోడు అంది. ఆ అప్పుల కోసం పట్టణ పేదల సంస్థ మెప్మా వాళ్లు బళ్ల దగ్గరికే వచ్చి పేర్లు రాసుకున్నారు. అంటే బ్యాంకు అప్పుకి ఇతను వీధి వ్యాపారి. అదే మనిషి టౌన్ ప్లానింగ్ గదిలోకి వచ్చేసరికి ఆక్రమణదారు. గోడకి అటూ ఇటూ రెండు పేర్లు.

బావ: చట్టం నాకు చెప్పకు, చదివిన మనిషిని. 1989లో సోదన్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, వీధిలో అమ్ముకోవడం వ్యాపార హక్కులో భాగమేనని, దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చని. తర్వాత 2014 చట్టం. ఆ ఏడు మే 1 నుంచి అమల్లో ఉంది. ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో నూటికి నలభై మంది అమ్ముకునేవాళ్లే, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అయిదేళ్లకోసారి సర్వే. సర్వే అయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. లేపాల్సొస్తే ముప్పై రోజుల నోటీసు. పాడైపోయే సరుకు పట్టుకుంటే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా చోటు చూపించాలి. ఏలూరు 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది, అయిదు వేల మంది అనుకో. యాభై ఏళ్లు దాటిన బజారైతే వారసత్వ మార్కెట్టని ప్రకటించాలి, కదపనే కూడదు. చాలా?

బావమరిది: ఇంత తెలిసీ...

బావ: ఆగు, అయిపోలేదు. అదే చట్టం నీ వాళ్లనీ కట్టేస్తుంది. సర్టిఫికెట్టు తీసుకున్నవాడు తనో, తన ఇంట్లోవాళ్లో బండి నడపాలి. వేరే బతుకుతెరువు ఉండకూడదు. అద్దెకివ్వకూడదు. ఇప్పుడీ వరస చూడు. ఆ మూల బళ్లన్నీ ఒకే రంగు, ఒకే బోర్డు. నిలబడ్డవాళ్లు జీతగాళ్లు. యజమాని ఇంట్లో పడుకున్నాడు. వాటి పక్కన ముంతకింద పప్పు అమ్మే ముసలాయన ఆ మూల నిలబడటానికి ఆ యజమానికే నెల నెలా కట్టుకోవాలి. రోడ్డు మీద జాగా అమ్మకాలున్నాయి, అద్దెలున్నాయి, అడ్వాన్సులున్నాయి. పేదవాడని చెప్పి నువ్వు కాపాడేది ఎవర్ని?

(బావమరిది కాసేపు ఏమీ అనలేదు. ముసలాయన వైపు చూశాడు.)

బావమరిది: కాదన్ను. సర్వే చేస్తే మొదట దొరికేది ఆ యజమానే. సర్వే చెయ్యొద్దని గట్టిగా కోరుకునేదీ అతనే అయ్యుంటాడు. పాటదారూ కోరుకుంటాడు. మీ ఆఫీసువాళ్లు కూడా, ఏవనుకోకండి. పేరు రాసి ఉంటే ఎవర్ని ఎప్పుడు లేపాలో వాళ్ల ఇష్టం కాదు కదా.

బావ: ఏవనుకోనులే. పేరు రాయకపోతే ఎలా ఉంటుందో గుడివాడ మనిషే చూపించింది. మాదాపూర్‌లో భోజనం అమ్మే కుమారి ఆంటీ. 2024 జనవరి ఆఖర్లో ట్రాఫిక్కని పోలీసులు తీయించారు. మర్నాడు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటే మళ్లీ పెట్టుకుంది. మంచిదే. కానీ ఆమెను రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది గనక ఆ మాట అక్కడిదాకా పోయింది. ఏ వీడియోలోనూ పడని మనిషి కోసం ఏ ముఖ్యమంత్రి మాట్లాడతాడు? ఆయన దయ తలిస్తే ఉండటం, ఎస్సై కోపమొస్తే లేవడం. నేను ఒప్పుకోనిది ఆ పద్ధతిని.

బావమరిది: మరి జేసీబీ పద్ధతి ఎందుకు ఒప్పుకుంటున్నారు? కొల్లేరు చూశాం కదా. అయిదో కాంటూరు దాకా అభయారణ్యమని 1999లో ప్రకటించారు. 2006లో సుప్రీంకోర్టు చెప్పాక చెరువు గట్లు తెగ్గొట్టారు. అప్పుడు మీరే అన్నారు, ఇక కొల్లేరు బాగుపడుతుందని. ఏమైంది? చెరువులు మళ్లీ లేచాయి.

బావ: దానికీ దీనికీ పోలికేంటిరా? అది రామ్‌సార్ సరస్సు. గట్లు కడితే నీళ్లు పోయే దారి మూసుకుని ఊళ్లు మునుగుతాయి. కొట్టక తప్పదు.

బావమరిది: కొట్టడం తప్పనలేదండి. కొట్టిన రోజున కూడా చేపకి గిరాకీ అలాగే ఉంది, కొల్లేటి జనానికి వేరే పని అలాగే లేదు. రెండూ అలా ఉంచి గట్టు ఒక్కటే తీస్తే మళ్లీ గట్టే వస్తుంది. ఇక్కడా అంతే. బండి తీసేస్తారు. రాత్రి పదింటి ఆకలి ఎక్కడికి పోతుంది? నెల తిరక్కుండా బండి పక్క సందులో తేలుతుంది, మామూలు రెట్టింపవుతుంది.

బావ: అయితే ఏవంటావు, ఎప్పటికీ కదపొద్దనా?

బావమరిది: కదపండి. పేర్లు రాసి, చోటు చూపించి, ముప్పై రోజులాగి కదపండి. కొత్తగా కట్టే స్టేషను ముంగిట, బస్టాండు పక్కన మొదటి చోటు వీళ్లకి రాయండి. అప్పుడు మీ 108కి దారి నేనే దగ్గరుండి ఇప్పిస్తాను.

బావ: పేర్లు రాసేటప్పుడు ఒకే రంగు బళ్ల యజమానికి ఒక్కటే సర్టిఫికెట్టు. దానికి నువ్వొప్పుకో.

బావమరిది: ఒప్పుకున్నా. పునుగుల డబ్బులు మీరివ్వండి.

డబ్బులు బావే ఇచ్చాడు. మిగతా విషయాల్లో ఇద్దరూ రాజీపడ్డారని చెప్పలేను. ఇల్లు చేరేలోపే డ్రైను మీద మెట్ల గురించి వాదన మళ్లీ మొదలైంది. నా తీర్పు అడిగితే, రోడ్డు విషయంలో బావ మాట న్యాయం. వరస విషయంలో బావమరిది మాట న్యాయం. జాబితా లేకుండా వచ్చే జేసీబీ పప్పు ముసలాయన్ని లేపుతుంది, బళ్ల యజమానిని ముట్టుకోదు. ఆ జాబితా రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. పదేళ్ల కిందటే రాయాల్సింది.

ఏలూరులో ఉన్నా, తాడేపల్లిగూడెంలో ఉన్నా, భీమవరంలో ఉన్నా మీ మునిసిపల్ ఆఫీసును మూడే అడగండి: టౌన్ వెండింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, వీధి వ్యాపారుల సర్వేలో ఎన్ని పేర్లున్నాయి, ఈ ఏడాది ఆశీలు పాట ఎంతకి పోయింది. నోటితో అడిగితే చెప్పకపోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు.